శెట్టిగారు విప్పని మూట

మూసి ఉన్నదేదైనా సరే, విప్పి చూడందే పట్టాభిరామయ్య గారికి అన్నం సయించదు. నరసరావుపేటలో ఆయనది పప్పులు, మిరపకాయల టోకు కొట్టు. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి అడుగు సరుకు లాగి చూడటం ఆ వ్యాపారంలో మామూలే. పైన ఎర్రటి కాయలు పేర్చి, అడుగున రంగు పోయిన తాలు కాయలు కుక్కే ఘనులు ఎక్కడైనా ఉంటారు. మిగతా వర్తకులు ఆ గొట్టాన్ని కొట్లో వదిలి ఇంటికెళతారు. శెట్టిగారు బుర్రలో పెట్టుకుని మరీ వెళతారు.

కోడలు హిమజ కాపురానికొచ్చిన కొత్తలో, మాచర్ల నుంచి అమ్మ పంపిన పార్సిల్ కోసం గుమ్మంలో కాచుక్కూర్చుంది. పార్సిల్ వచ్చింది, అప్పటికే విప్పేసి. మామగారు చీర మడత విప్పి జరీ గోకి చూశారు. గోంగూర సీసా మూత తీసి నాలిక్కి రాసుకున్నారు.

"ఉప్పు పిసరు తగ్గిందమ్మాయ్. మీ అమ్మకు చెప్పు."

హిమజ కళ్లనీళ్లు పెట్టుకుంటే అత్తగారు వెంకటలక్ష్మి ఓదార్చింది. "నీది పార్సిలేగదమ్మా! నా పెళ్లిలో అడ్డుతెర పట్టుకుంటే, ముహూర్తానికి ముందే దాన్ని పక్కకు లాగి చూశారు ఈయన. పురోహితుడు మంత్రం మర్చిపోయాడు."

అలాంటి మనిషి కొట్టుకు కంప్యూటర్ కొంటాననేసరికి హిమజ ఎగిరి గంతేసింది. పగలు బిల్లులు కొడుతుంది, తీరికలో దూరవిద్య ఎం.కాం. చదువుకుంటుంది, స్నేహితురాళ్లకు మనసులో మాట రాసుకుంటుంది. ఆ ఇంట్లో తనకంటూ మూత ఉన్న వస్తువు ఒక్కటి దొరికితే చాలని ఆమె ఆశ.

కంప్యూటర్ల షాపు ఏసోబు తళతళలాడే పెట్టెతో దిగాడు.

"ఇందులో విండోస్ ఉంది శెట్టిగారూ. ఊరంతా ఇదే వాడతన్నారు."

"ఊరి సంగతి నాకెందుకురా! లోపల ఏముందో చూపియ్యి."

ఏసోబు స్క్రూలు విప్పి చూపించాడు.

"ఇది కాదు. విండోస్ అన్నావే, దాని లోపల."

"అది చూపించరండీ. కంపెనీ రహస్యం."

"అయితే అడుగున తాలు కాయలున్నట్టే!"

"మామయ్యా, నేను కాలేజీలో నేర్చుకుంది ఇదే" అని హిమజ అడ్డం పడింది.

"నేర్చుకుంటే నేర్చుకున్నావులేమ్మా. మూతి కుట్టిన బస్తాను చూడకుండా కొట్లోకి రానిస్తానా?"

ఏసోబు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. అప్పుడొచ్చింది ఫరా. వీధి చివరి ఇల్లు, హిమజకు స్నేహితురాలు, కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది.

"విండోస్‌కు బదులు లినక్స్ అని ఒకటుంది శెట్టిగారూ. దాన్ని నడిపే రాతంతా బయటే పెట్టారు. ఎవరైనా చూసుకోవచ్చు."

శెట్టిగారి మొహం చేటంత అయింది. ఫరా తన ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, భోజనం చల్లారిపోతున్నా కదలకుండా, ఆ ఇంగ్లీషు వరసలు పాకుతూ పోవడం చూస్తూ కూర్చున్నారు.

"ఏం అర్థమైందేంటి?" అంది వెంకటలక్ష్మి.

"ఒక్క ముక్క అర్థం కాలా. కానీ దాయలేదు చూడు, అదీ పెద్దమనిషి తరహా!"

ఏసోబు దగ్గర ఖాళీ పెట్టె మాత్రం కొని, ఫరా చేత అందులో లినక్స్ ఎక్కించుకున్నారు. ఆనాటి నుంచి బజారు చెవులు చిల్లులు పడ్డాయి. కందిపప్పుకు వచ్చిన వాడికి ముందు లినక్స్ ఉపన్యాసం, తర్వాత పప్పు. తీరా కొట్లో చూస్తే ప్రింటర్ అలిగింది. బజారంతా వాడే బిల్లుల ప్రోగ్రాం దాని మీద ఎక్కనంది. గుమాస్తా చేత్తో రాస్తున్నాడు, బేరాలు పక్క కొట్టుకు పోతున్నాయి. హిమజకు ఒళ్లు మండిపోయింది.

"పప్పు కొనేవాడికి బిల్లు కావాలి గానీ, లోపలి రాత ఎందుకు మామయ్యా?" అని ఆయన్ను దులిపేసి, నేరుగా ఫరా దగ్గరకు పోయింది. "మా మామయ్య పిచ్చికి నువ్వు తోడయ్యావు. అది పీకేసి విండోస్ ఎక్కించు."

ఫరా నవ్వింది. "పిచ్చి కాదే. మొదటిరోజు నన్ను పక్కకు పిలిచి ఏమన్నారో తెలుసా? 'నాదొక పాడు అలవాటమ్మాయ్. మూసింది కనపడితే చెయ్యి ఆగదు. నా దెబ్బకి కోడలు పిల్ల ఒక్క పార్సిలైనా తన చేత్తో విప్పి ఎరగదు. ఇందులో ఆ పిల్లకంటూ ఒక గది కట్టు. నేనొచ్చి బతిమాలినా తెరుచుకోగూడదు' అన్నారు."

హిమజ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తాళం విండోస్‌లోనూ ఉంటుందండీ అన్నాను. 'ఉండొచ్చు. కానీ పదిమంది విప్పి చూసిన తాళమైతేనే గదా గట్టిదో కాదో తెలిసేది. నాలాంటోడు లోకంలో నేనొక్కణ్ణేనా ఏంది!' అన్నారు."

హిమజకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఆ పిచ్చి మామగారి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఫరాను వెంటబెట్టుకుని వచ్చి ప్రింటర్ అలక తీర్పించింది. లినక్స్ మీద నడిచే బిల్లుల ప్రోగ్రాం ఎక్కించుకుని దాన్నే నేర్చుకోసాగింది.

మర్నాడు కంప్యూటర్లోని తన గదికి తాళం పెట్టుకుందామని కూర్చుంది. వెనక నుంచి మామగారి మెడ కొంగమెడలా సాగింది.

"ఏందమ్మాయ్ అది?"

"పాస్‌వర్డ్ మామయ్యా. నా తాళం."

ఆయన చటుక్కున గోడవైపు తిరిగిపోయారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. వేళ్లు మాత్రం ఒకదాన్నొకటి పీక్కుంటున్నాయి.

"కానియ్, కానియ్. నేను గోడ చూస్తన్నా... అయిందా?"

"ఇంకా లేదు మామయ్యా."

"చానా పొడుగు తాళం లాగుందే!"

"మీ కోసమనే కాస్త గట్టిది పెడుతున్నాను" అంది హిమజ. తాళం పెట్టడం ఎప్పుడో అయిపోయింది. ఆయనను అలా ఇంకాసేపు గోడ చూడనిచ్చింది.