మౌనదినాన నెంగా నడక

నెంగా రస్నకి విశ్రాంతి అంటే హడల్. వాళ్లన్న ఓ రోజు నడక మానేసి, కూర్చున్న కుర్చీలోనే పోయాడు. అప్పట్నుంచి, కాళ్లు ఆగితే గుండె ఆగుతుందని నెంగా నమ్మకం. వారానికో రోజు ఒంటికి సెలవివ్వమన్న డాక్టరుని హంతకుణ్ని చూసినట్టు చూశాడు. వానలో గొడుగేసుకుని, జ్వరంలో శాలువా కప్పుకుని, పిడికిళ్లు బిగించి నడుస్తాడు. కానీ న్యెపీ మౌనదినాన బాలిలో కుక్కలు, కాపలావాళ్లు తప్ప ఎవరూ వీధిలోకి రాకూడదు. దీవి ఖాళీ అనుకుని దయ్యాలు దాటిపోవాలి. అందుకని పెరట్లో దేవుడి గూటి చుట్టూ తిరగసాగాడు.

"కూర్చో మావా! నీ చెప్పుల చప్పుడికి దయ్యాలన్నీ మనింట్లోనే దిగేట్టున్నాయి," అని గుసగుసలాడింది భార్య సుకేర్తి.

"కూర్చుంటే చస్తానే!"

గోడ అవతల ఊరి కాపలాదారు ఆగాడు. "ఎవర్రా ఆ నడిచేది? దయ్యమా, నెంగానా?"

నెంగా గభాలున అరుగు మీద కూలబడ్డాడు. బండ్లు లేవు, విమానాలు లేవు. ఆ నిశ్శబ్దంలో తన గుండె చప్పుడు తనకే వినిపించింది. కాళ్లు ఆగినా అది నడుస్తూనే ఉంది. సుకేర్తి నిన్నటి చల్దన్నం తెచ్చిపెడితే కుడిచేత్తో తిన్నాడు. ఎడమచెయ్యి మాత్రం గుండె మీంచి తియ్యలేదు, తీస్తే ఆగిపోతుందేమోనని.