ఆఖర్కి నేనే ఖల్లివల్లి

సౌదీలోని దమ్మామ్‌లో నా మొదటి ర్యాప్ ఆల్బమ్ మా రూములోనే, ఏసీ ఆపేసి రికార్డు చేశాం. ఆ చప్పుడు మైకులో పడుతుందని. నేను ఏసీ మెకానిక్కును. వాడంతా చల్లబరిచే నేను శుక్రవారం మధ్యాహ్నాలు కిటికీకి దుప్పట్లు కట్టి, బనియన్ పిండుకుంటూ పాడాను. పక్క రూముల వాళ్లు నవ్వారు. ఏడ్చారులే అనుకున్నాను.

బీటు కట్టింది నా రూమ్‌మేట్, హైదరాబాదీ, మొబైల్ షాపులో పని. "అన్నా, నువ్వు పాడ్తలేవు, లొల్లి పెడ్తున్నవ్. ర్యాప్ అంటే గదే, ఆగకు" అనేవాడు. నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

పేరు మాత్రం మా ఫోర్‌మన్ పుణ్యం. జ్వరమొచ్చిందన్నా, సెలవు కావాలన్నా తల కూడా ఎత్తడు. చెయ్యి విసిరి "ఖల్లివల్లి" అంటాడు. అరబ్బీలో పోనీ, వదిలెయ్ అని. వినీ వినీ కడుపు మండి రాశాను:

జ్వరమంటె ఖల్లివల్లి
సెలవంటె ఖల్లివల్లి
నేను గూడ మనిషినే అంటె ఖల్లివల్లి
ఆఖర్కి నేనే ఖల్లివల్లి

నా ఆశ పెద్దదేం కాదు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో నా భార్య "మా ఆయన పాట పాడిండు" అని తలెత్తుకుని చెప్పుకోవాలి. పెళ్లయినప్పటి నుంచీ "నీది పాటా, గునుసుడా?" అని వెక్కిరించిన మనిషి మరి.

యూట్యూబులో పెట్టగానే లింకు మొదట ఆమెకే పంపాను. ఆల్బమ్ కవర్ స్టేటస్‌లో పెట్టింది, కింద దండం బొమ్మ. పొంగిపోయాను. మర్నాడే ఫోను.

"నిజం చెప్పు. కంపెనీ నుంచి ఎప్పుడు పారిపోయినవ్?"

"ఎవడు చెప్పిండు?"

"నువ్వే చెప్పినవ్ గదా, నేనే ఖల్లివల్లి అని. ఊరంత ఇంటున్నరు."

తల పట్టుకున్నాను. రాసేటప్పుడు ఇది తట్టనే లేదు. అరబ్బులకు ఆ మాట ఏదైనా కానీ, మా వైపు దానికి ఒకటే అర్థం. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర నుంచి పారిపోయి, కాగితాల్లేకుండా దాక్కుని బతికేవాడు ఖల్లివల్లి. ఆ మాట వింటే మా ఊరికి పోలీసులు, జైలు, వట్టి చేతులతో విమానం దిగిన మనుషులు గుర్తొస్తారు. ఎవడో ఆ చివరి లైను ఒక్కటే కోసి గ్రూపుల్లో తిప్పాడు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు నయం, వాడు కనీసం విన్నాడు.

"మహిళా సంఘంల ఆడోళ్లు అడుగుతున్నరు, పాపం అక్కడ ఎట్ల బతుకుతుండు అని. నాకు మొఖం చెల్తలేదు" అంది.

"అది ఫోర్‌మన్ మాటనే. మొత్తం ఇను, తెలుస్తది."

"ఇనేటిది తర్వాత. నీ ఇకామా ఫొటో పంపు. డేటు కనవడాలె."

ఇకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు. రాగాన్ని కాదు, తాళాన్ని కాదు, గడువు తేదీని అడిగింది కట్టుకున్నది. రూమ్‌మేట్‌కు చెప్పుకుంటే "ఖల్లివల్లి, అన్నా" అన్నాడు. వాడికి మా అర్థం తెలియదు. అయినా ఒక్కటి పీకాలనిపించింది.

ఫొటో పంపాను. సాయంత్రానికి ఆమె స్టేటస్‌లో ఆల్బమ్ కవర్ లేదు. నల్ల కళ్లద్దాలతో, మైకు పట్టుకుని నేను నోరు తెరిచిన ఆ బొమ్మ చోట నా ఇకామా ఉంది. అందులో నోరు మూసుకుని నిటారుగా చూస్తున్నాను. కింద రాసింది: "మా ఆయన ఖల్లివల్లి గాదు."

మర్నాడు ఫోనులో ఆమె గొంతు తేలికపడింది.

"అందరు చూసిన్రు. మంచిగున్నదన్నరు."

"పాటా?"

"కార్డు."