స్టీలు గిన్నెలో అయిదు పొరలు

నిన్న ఒక పుట్టినరోజు విందులో గాజు గిన్నె నిండా పొరలు కనిపించాయి: చిక్కుడుగింజల ముద్ద, పెరుగు, టమాటా. మా పిన్ని గుర్తొచ్చింది. కొత్తకోడలిగా ఆమదాలవలస వచ్చిన ఏడు, నా పుట్టినరోజుకి వారపత్రికలో చూసి బొబ్బర్లతో ఇలాంటిదే చేసింది. గాజు గిన్నెలో పేర్చమని రాశారు. అప్పట్లో మనలో ఎవరింట్లో ఉండేది గాజు గిన్నె? పిన్ని స్టీలు గిన్నెలో పేర్చింది. పైనున్న ఉల్లిపాయ ముక్కలు తప్ప ఏమీ కనబడక చుట్టాలు నవ్వారు. పిన్ని మొహం చిన్నబోయింది.

"ఏటమ్మా, అయిదు పొరలన్నావు, ఏవీ?" అన్నారు నాన్న.

"తిని సూడు బావా, నాలిక్కి తెలుస్తాది."

నాన్న అప్పడం ముక్కతో తవ్వి తిన్నారు. "నాలుగే ఉన్నాయి."

"అడుగుదాకా ఎల్లనేదు నువ్వు."

ఆయన మళ్లీ తవ్వారు, మళ్లీ తిన్నారు. "అయిదే" అని ఒప్పుకొనేసరికి, నవ్వినవాళ్లకి గిన్నెలో ఏమీ మిగల్లేదు.