మెరుగు పెట్టిన నాణెం

మా దివిసీమ ఊళ్లో రొయ్యల చెరువు తవ్వుతుంటే దొరికింది ఆ వెండి నాణెం. గుండ్రంగా కూడా ఉండదు. కత్తిరించిన రేకుముక్కలా, నల్లగా. మీద చిన్న చిన్న అచ్చులు: సూర్యుడు, చెట్టు, ఒక ఏనుగు. నాన్న దాన్ని అక్క పెళ్లిలో ఒళ్లో వేశాడు. రాజుల కాలం నాటిదని ఊరంతా నేను కోసిన కోతలకు అంతులేదు. నా జన్మలో నిజమైన కోత అదొక్కటే.

అక్కకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. బావ చిలకలపూడిలో గిల్టు నగలకు మెరుగు పెడతాడు. ఆ సంపాదనతో అయ్యే పని కాదు. నాణెం ఫొటో నేను ఫోన్లో పంపితే, పాత నాణేలు కొనే గుడివాడ పెద్దమనిషి ధర చెప్పి, రేపే వస్తున్నానన్నాడు. ఆ ధరకి ఆపరేషన్ అయిపోతుంది.

ఆయన వచ్చేసరికి నాణెం పళ్లెంలో తమలపాకు మీద తళతళలాడుతోంది.

"ఎవరు తోమారండీ దీన్ని?"

"నేనేనండీ," అన్నాడు బావ. "ఆసిడ్‌లో ముంచి, మిషన్ మీద మెరుగు పెట్టాను. నల్లటి సరుకు గుమ్మం దాటనిస్తే మా చిలకలపూడి పరువేం కానండీ?"

ఆయన భూతద్దంలో చాలాసేపు చూశాడు. "ఏనుగేదండీ?"

బావ వంగి చూశాడు. సూర్యుడున్న చోట చిన్న గుంట మిగిలింది. ఏనుగు లేదు.

"ఆ నలుపూ ఆ అచ్చులేనండీ నాక్కావలసింది. ఇప్పుడిది తూకానికి వెండి," అని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

లోపల మంచం మీంచి అక్క పిలిచింది. "ఏమన్నాడ్రా?"

బావ గడప దగ్గరే నిలబడిపోయాడు. నేనే వెళ్లి, బేరం కుదిరిందనీ, డబ్బు తేవడానికి వెళ్లాడనీ, పామర్రులో తెలిసినవాళ్లున్నారట, సాయంత్రానికి వచ్చేస్తాడనీ చెప్పాను.

"మాటలొచ్చిన దగ్గర్నుంచీ అబద్ధాలాడుతున్నావు. ఇంకా చేతకాలేదేంట్రా నీకు?" అంది. మళ్లీ తనే, "మీ బావనేమీ అనకు. మసి కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు," అంది.

వేరే దారి వెతుకుతుండగానే అక్క పోయింది.

నుదుటి మీద పెట్టమని ఎవరో రూపాయి బిళ్ల అందిస్తే, బావ వద్దని ఆ నాణేన్నే అంటించాడు. శ్మశానంలో దాన్ని ఆనవాయితీగా తీసుకున్న కాటికాపరి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది చెల్లుద్దా బాబూ?"

"చెల్లదు," అన్నాడు బావ. జేబులోంచి రూపాయి తీసిచ్చి నాణెం వెనక్కి తీసుకున్నాడు. దానికి కుంకం అంటుకునుంది. పంచె చెంగుతో తుడవబోయి, ఆగిపోయాడు.