పద్మ చేసిన లెక్క

పద్మ నా కాగితంలో చూసి రాయలేదు. ఆమె జవాబు నేనే చూసి రాసుకున్నాను. కోరుట్ల బడిలో, ఐదో తరగతిలో, ఈ మాట నేను చెప్పలేదు.

ఇరవై ఐదును ముప్పై ఆరుతో గుణించాలి. పద్మ తల్లితో కలిసి బీడీలు చుట్టేది. కట్టకు ఇరవై ఐదు బీడీలు, నాలుగు కట్టలకు వంద, ముప్పై ఆరు కట్టలకు తొమ్మిది వందలు. అందుకే మనసులోనే లెక్కించి జవాబు ఒక్కటే రాసింది. నేను ఆ జవాబు తీసుకుని, పైన గుణకారం వరుసలు నింపాను.

సారు ఆమె తల్లిని పిలిపించి బెత్తం చేతికిచ్చారు.

"జవాబుంది, వరుసల్లేవు. దొంగ బిడ్డను కన్నవు. నువ్వే కొట్టు."

"నేను సూడలేదవ్వా," అంది పద్మ.

తల్లి కొట్టింది. మేం నవ్వాం. తల్లి కొడితే నొప్పి ఉండదనుకున్నాను. పద్మ మళ్లీ బడికి రాలేదు.

ఇప్పుడు నేనూ లెక్కల సారునే. మొన్న జగిత్యాల శిక్షణలో, ఇళ్లలో పిల్లలు ఎలా లెక్కిస్తారో తల్లిదండ్రులను అడగమన్నారు. మా బడి సమావేశానికి మనవడితో పద్మ తల్లి వచ్చింది. దగ్గరికి వెళ్తే బీడీలు చుట్టే తునికాకు వాసన.

"పద్మ సూసి రాయలేదవ్వా. నేనే రాసుకున్న. నీతోని ఉత్తగనే కొట్టిపిచ్చిన. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.