పుస్తకం అంచున రాసిన పెళ్ళి

అది 2022. దసరా సెలవుల రోజులు. విజయవాడలో కరకట్ట బస్సెక్కి గంట పైన ప్రయాణం చేస్తే మా ఊరు వస్తుంది. మా గుడి విచారణ గుడి. ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటారు. ఆ గుడిలో గంట కొట్టడం, ఊడవడం, పీఠం మీద పూలు మార్చడం నా పని. ఆఫీసు గదిలో ఒక ఇనప బీరువా ఉంది. దాని మంచిచెడ్డలూ నావే. ఎప్పుడూ ఇలా రాసినదాన్ని కాదు కాబట్టి, నాకు బాగా తెలిసిన ఆ బీరువాతోనే మొదలుపెడతాను.

అందులో జ్ఞానస్నానాల రిజిస్టర్లు, పెళ్ళిళ్ళవి, చావులవి వేరువేరుగా ఉంటాయి. జ్ఞానస్నానం అంటే బిడ్డ తలమీద నీళ్ళు పోసి పేరు పెట్టే సంస్కారం. మనిషికి ఒక వరస. పుట్టిన రోజు, నీళ్ళు పోసిన రోజు, అమ్మానాన్నల పేర్లు, బిడ్డ తరఫున గుడిలో నిలబడే జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, చివర ఫాదర్ గారి సంతకం. ఆ వరసని ఎంట్రీ అంటారు. పాతవి విదేశాల నుంచి వచ్చిన ఫాదర్లు లాటిన్లో రాసినవి. ఐదో తరగతి చదివిన నాకు అవి అర్థం కావు. పుస్తకం తియ్యడం, పేజీ తిప్పడం, మళ్ళీ లోపల పెట్టడం మాత్రం వచ్చు. పాత కాగితం అప్పడంలా విరుగుతుంది. మూల పట్టుకుని లాగకూడదు, కింద అరచెయ్యి దూర్చి తిప్పాలి. తిప్పాక పేజీ లేవకుండా అంచు మీద చెయ్యి ఆనించి ఉంచాలి. బీరువాలో కలరా ఉండలు అయిపోకుండా చూసుకోవాలి. బయటివాళ్ళని పుస్తకం ముట్టుకోనివ్వం.

వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది సర్టిఫికెట్. పెళ్ళి కుదిరిందనో, స్కూలుకనో వస్తారు, తీసుకుని పోతారు. శాంతి అందుకు రాలేదు. ఆమె విజయవాడలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళ తాత ఇన్నయ్యగారిది మా ఊరే. తాత, నాయనమ్మ, వాళ్ళ పిల్లలు, మనవలు, అందరి పేర్లతో ఒక పుస్తకం వేయిస్తున్నానంది. సమాధుల పండగకి ఇంటిల్లిపాదీ మా ఊరి సమాధుల తోటకి వచ్చి కొవ్వొత్తులు పెడతారు. ఆ రోజు అందరి చేతుల్లో పుస్తకం పెట్టాలని ఆమె కోరిక.

ఫాదర్ గారి అనుమతితో నేను పేజీలు తిప్పుతుంటే, ఆమె ఫోన్లో ఫోటోలు తీసుకుంది. ఒక్కో పేరు కింద చిన్న అక్షరాలతో ఏదో రాసుకుంటోంది. ఏంటని అడిగాను.

"సోర్స్ అంటారు పిన్నిగారూ. ఈ మాట నాకెక్కడ దొరికిందో చెప్పడం. ఏ గుడి, ఏ రిజిస్టరు, ఎన్నో పేజీ, ఎన్నో ఎంట్రీ, నేనెప్పుడు చూశాను."

"చర్చి పుస్తకంలో ఉందంటే చాలదా?"

"మీ బీరువాలో ఎన్ని పుస్తకాలున్నాయో చూడండి. రేపు మా పిల్లలెవరైనా నా మాట నమ్మక వస్తే, తిన్నగా ఈ పేజీకి రావద్దూ?"

"నీ మాట ఎందుకు నమ్మరూ?"

"మావాళ్ళ సంగతి మీకు తెలీదు. వాళ్ళ నాన్న చెప్పిన మాటే నమ్మరు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్నయ్యగారి ఎంట్రీ దొరికింది. ఆయన పిల్లల్లో శాంతి వాళ్ళ నాన్న, ఇద్దరు మేనత్తలు దొరికారు. అందరికంటే పెద్దవాడు, శాంతి పెదనాన్న బాలశౌరిగారు మాత్రం దొరకలేదు. ముందు ఏళ్ళూ వెనక ఏళ్ళూ తిప్పాం. చీకటి పడేలోగా బస్సు అందుకోవాలని శాంతి బయల్దేరింది. ఆ పేరు పక్కన 'చర్చి రికార్డు లేదు' అని రాసుకోవడం నేను చూశాను.

వారం తిరక్కుండా గుడి ముందు ఒక పాత జీపు ఆగింది. అందులోంచి శాంతి, ఆమెతో తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన దిగారు. డెబ్భై దాటినా గట్టిగా ఉన్నారు. ఆయన నా మొహం చూడలేదు. నా చేతులు చూశారు.

"ఆ చెయ్యి నీదేనా చెల్లెమ్మా?"

"ఏ చెయ్యండీ?"

"చెప్తా, కూర్చోనీ."

ఆయనే బాలశౌరిగారు. ఆటోనగర్లో లారీలకి కమాన్ కట్టలు, అంటే కింద బరువు మోసే ఉక్కు పట్టీలు, వేసే షెడ్డు ఆయనది. శాంతి రాసిన కాగితాలు వాళ్ళ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. ఈయన పేరు పక్కన రికార్డు లేదని చూసి ఎవరో, 'అయితే తవుడు సంగతి నిజమేనన్నమాట' అని నవ్వే బొమ్మ పెట్టారట.

చిన్నపిల్లల్ని నిన్ను తవుడుకి కొన్నాం అని ఏడిపించడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. కానీ బాలశౌరిగారి విషయంలో దాని వెనక ఒక మాట ఉంది. వాళ్ళమ్మ ఆరోగ్యమ్మగారు అనాథ. ఎక్కడో సిస్టర్ల మఠంలో పెరిగింది. కాపురానికి వచ్చాక తొలి కాన్పుకని వెళ్ళి, కొన్ని నెలలకి బిడ్డతో తిరిగొచ్చింది. పుట్టిల్లే లేనిది ఏ పుట్టింటికి వెళ్ళిందని ఊళ్ళో అనుకున్నారు. ఆ మఠం నుంచే ఒక పిల్లాణ్ణి తెచ్చుకుని ఉంటారన్నారు.

"మా అమ్మని అడిగితే 'అవున్రా, శేరు తవుడుకి ఇచ్చారు, బేరం కూడా ఆడలేదు' అని నవ్వేది" అన్నారాయన. "నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ నవ్వేది లేదు. అడగడానికి మా నాన్నా లేడు."

"మీ పేరు తీసెయ్యమని ఎవరూ అనలేదుగా పెదనాన్నా" అంది శాంతి.

"నువ్వు తియ్యవు. అందరికీ కింద చిన్న అక్షరాలు రాశావు. నాకు లేదు అని రాశావు. మా అమ్మకి పుట్టానో లేదో తెలుసుకునే పోతాను, అంతే. పుట్టలేదంటే అలాగే రాయి. ఆమె పెంచింది, నాకేం తక్కువ కాలేదు. కానీ తెలియాలిగా."

నాకొక అనుమానం వచ్చి అడిగాను. "మరి మీ పెళ్ళికి జ్ఞానస్నానం కాగితం అడిగుంటారే అన్నయ్యగారూ?"

"మాది రిజిస్టర్ ఆఫీసు పెళ్ళమ్మా. మంగళగిరి మగ్గాలవాళ్ళ పిల్ల. ఆ హడావిడిలో కాగితాలు అడిగేవాళ్ళెవరు, మా మామ మమ్మల్ని వెతుకుతుంటే."

అప్పుడాయన శాంతి ఫోన్ తీసుకుని నా ముందు పెట్టారు. ఇన్నయ్యగారి ఎంట్రీ ఫోటో అది. ఎడమ పక్కన, కాగితం లేవకుండా ఆనించిన నా నాలుగు వేళ్ళు. ఆయన వేలితో ఫోటో పెద్దది చేశారు.

"ఇదిగో, ఈ వేలికీ ఈ వేలికీ మధ్య సిరా ఉంది. ఈ పేజీలో మిగతా వరసలకి అంచులో ఏమీ లేదు, ఇక్కడే ఉంది. ఏదన్నా విరిగితే మేం ముందు అంచులే చూస్తాం చెల్లెమ్మా. చెయ్యి తీసి చూపిస్తావా?"

నేను ఫాదర్ గారిని పిలుచుకొచ్చి పుస్తకం తీశాను. ఈసారి పేజీని పైనుంచి పట్టుకున్నాను. అంచు మీద సన్నటి అక్షరాలు రెండు వరసలు ఉన్నాయి.

ఫాదర్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "దీన్ని మార్జిన్ నోట్ అంటారు. మనవాడు వేరే విచారణలో పెళ్ళి చేసుకుంటే, అక్కడి ఫాదర్ మనకి ఉత్తరం రాస్తారు. మనం అతని జ్ఞానస్నానం పక్కన ఎక్కిస్తాం. ఇంకోచోట ఇంకో పెళ్ళి చేసుకోకుండా."

"మా తాత అలాంటివాడు కాదులెండి" అంది శాంతి.

"పద్ధతి అందరికీ ఒకటేనమ్మా." ఆయన చదివారు. ఇన్నయ్యగారికి ఆరోగ్యమ్మగారితో పెళ్ళి జరిగింది బందరు దారిలో ఉన్న ఒక పాత విచారణలో. పెళ్ళి పిల్లవైపు గుడిలో చేస్తారు. అంటే ఆమె పెరిగిన మఠం అక్కడిదే అయ్యుండాలి. ఆ మఠం గుంటూరు వైపని ఇంట్లో ఇన్నాళ్ళూ అనుకున్నారట.

ఆమె కాన్పుకి వెళ్ళింది కూడా అక్కడికే అయితే, బాలశౌరిగారి పేరు అక్కడి పుస్తకంలో ఉండొచ్చు. శాంతి తన కాగితం తీసి 'లేదు' అన్నదాన్ని కొట్టెయ్యబోయింది.

"కొట్టెయ్యకు, సరిచెయ్యి" అన్నారు ఫాదర్ గారు. "లేదు అనడానికి నువ్వు అన్ని గుళ్ళూ చూడలేదు కదా. ఫలానా గుడిలో, ఫలానా రిజిస్టర్లో, ఈ ఏటి నుంచి ఈ ఏటి దాకా చూశాను, కనబడలేదు అని రాయి. దొరకనిదానికి కూడా సోర్స్ ఉంటుంది."

"నిజమే ఫాదర్, అది నాకు తట్టలేదు" అని ఆమె అక్కడే కూర్చుని రాసుకుంది.

ఆ గుడికి ఫాదర్ గారు ఉత్తరం రాసిచ్చారు. నన్ను కూడా వెళ్ళిరమ్మన్నారు. నిజం చెప్పాలంటే నేనే అడిగాను. ఇన్నేళ్ళూ ఒక్క బీరువానే చూసినదాన్ని, ఇంకో గుడివాళ్ళు పుస్తకాలు ఎలా దాచుకుంటారో చూడాలనిపించింది. జీపులో దారంతా బాలశౌరిగారు ఎదురొచ్చే ప్రతి లారీ కమాను గురించి చెప్తూనే ఉన్నారు. ఆ గుడి కనబడ్డాక ఆపేశారు.

అక్కడి ఫాదర్ కుర్రాయన. పుస్తకాలు చెక్క పెట్టెలో ఉన్నాయి, వాటి మధ్య ఎండు వేపాకు వేశారు. గుడి వెనక మఠం ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు దాని పక్కనే కాన్పుల ఆస్పత్రి ఉండేదట, ఇప్పుడు మూతపడింది. ఫాదర్ బాలశౌరిగారు పుట్టిన ఏడాది అడిగి, ఆ రిజిస్టర్ బల్లమీద పెట్టారు. పేజీలు తిప్పే పని నాకే ఇచ్చారు.

ఆయన వేలు ఒక వరస దగ్గర ఆగింది. బాలశౌరిగారు ముందుకి వంగారు.

"ఇది కాదు, ఒక ఆడపిల్లది" అన్నారు ఫాదర్. "మఠం గుమ్మం దగ్గర దొరికిన బిడ్డ. ఇదిగో, తల్లిదండ్రుల దగ్గర తెలియదు అని రాశారు. అలాంటి బిడ్డలకి అలాగే రాస్తారు."

బాలశౌరిగారు ఆ వరసనే చూస్తూ ఉండిపోయారు. "ఆ పిల్ల ఏమైందో" అన్నారు మెల్లగా.

ఫాదర్ వేలు ఇంకా కిందికి దిగింది. రెండోసారి ఆగింది. ఈసారి ఆయన పైకి చదివారు. పేరు బాలశౌరి. తండ్రి ఇన్నయ్య, మా ఊరి పేరు. తల్లి ఆరోగ్యమ్మ. పుట్టింది మఠం ఆస్పత్రిలో. జ్ఞానతల్లి కాలమ్ దగ్గర ఒక పేరు, దాని పక్కన మఠంలో వంటమనిషి అని ఉంది.

"సిస్టర్లు అప్పట్లో మామూలుగా జ్ఞానతల్లులుగా నిలబడేవాళ్ళు కాదు" అన్నారు ఫాదర్. "అందుకని వంటామె నిలబడి ఉంటుంది. మఠంలో పెరిగిన పిల్లల్ని సిస్టర్లు తొలి కాన్పుకి తీసుకొచ్చుకునేవాళ్ళని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్తారు. పథ్యం పెట్టి, బిడ్డకి కొన్ని నెలలు వచ్చాక పంపేవాళ్ళట."

శాంతి ఫోటో తీసింది. ఈసారి నా చెయ్యి ఎక్కడా అడ్డు లేదు. బాలశౌరిగారు అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు. ముట్టుకుంటారేమో అనుకున్నాను. ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరస మీదికి వంగి, తెలియని అక్షరాల్ని తెలిసినవాటిలాగే చదువుకున్నారు.

"అయితే తవుడు దండగ కాలేదన్నమాట" అన్నారు.

"మీ మార్జిన్ మాత్రం ఖాళీగా ఉంది అన్నయ్యగారూ" అన్నాను.

"మంగళగిరి సంగతి వీళ్ళకెవరు చెప్తారమ్మా." అందరం నవ్వాం. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

బయటికొచ్చి జీపెక్కబోతూ శాంతిని అడిగారు. "నీ పుస్తకంలో మీ అమ్మకీ, మీ అత్తలకీ పుట్టిల్లు అని ఒక గడి ఉంది కదా. మా అమ్మ గడిలో ఏం రాశావు?"

"గీత పెట్టాను పెదనాన్నా. ఆమెకి లేదు కదా."

"లేదా?" అన్నారాయన. "తొలి కాన్పు ఎక్కడ చేశారు? పథ్యం ఎవరు పెట్టారు? నాకు జ్ఞానతల్లి ఎవరు నిలబడ్డారు? ఇంకేం కావాలే పుట్టింటికి?"

శాంతి జీపు ముందు నిలబడే పెన్ను తీసింది.

ఆ సంగతి తర్వాత నా పని కొంచెం మారింది. ఎవరు పుస్తకం అడిగినా పేజీని పైనుంచి పట్టుకుంటాను, అంచుకి చెయ్యి అడ్డం లేకుండా. పెద్దకొడుకో పెద్దకూతురో కనబడకపోతే, వాళ్ళమ్మది ఏ ఊరని ముందు అడుగుతాను. ఎవరూ లేరంటే, ఎవరు పెంచారని అడుగుతాను.

సమాధుల పండగనాడు శాంతి నాకూ ఒక పుస్తకం ఇచ్చింది. చదవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆరోగ్యమ్మగారి పేజీలో పుట్టిల్లు అన్నచోట గీత లేదు. ఆ మఠం పేరుంది. దాని కింద చిన్న అక్షరాలతో గుడి పేరు, రిజిస్టరు, పేజీ, ఎంట్రీ ఉన్నాయి. ఎవరైనా నమ్మకపోతే తిన్నగా వెళ్ళి చూసుకోవచ్చు.