షేర్వానీ జేబులో వెళ్లిన కన్ను

షౌకత్ బీ కుడికన్నును ఆమె భర్త దస్తగీర్ షేర్వానీ జేబులో పెట్టుకుని వెళ్లి డాక్టరుకు చూపించి వచ్చాడు. లాడ్ బజార్‌లో పాతకాలం వాళ్లను ఎవరినైనా అడగండి. సరే, జేబులో ఉన్నది కన్ను కాదులెండి, కంటి బాధంతా రాయించిన కాగితం. జేబు మాత్రం నిజం.

అది పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం. షౌకత్ బీ లక్క గాజులకు రాళ్లు అద్దేది. ఇంట్లోనే కుంపటి ముందు కూర్చుని, మెత్తబడిన లక్కలో ఆవగింజంత రాళ్లను వరుస తప్పకుండా పొదిగేది. ఎడమకన్ను చిన్నప్పుడే మశూచికి పోయింది. పనంతా కుడికంటిదే. ఆ కంటిలో మొదట దోమల్లా నల్లచుక్కలు ఎగిరాయి. తర్వాత అంచున మెరుపులు. శుక్రవారం నాటికి కింది నుంచి నల్లటి తెర ఒకటి లేవడం మొదలుపెట్టింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. బయటికి నిక్షేపంలాంటి కన్ను.

కంటికి పెట్టుకునే సుర్మా పొడి అమ్మే నజీర్ గుమ్మం దగ్గర ఆగి, దూరం నుంచే తేల్చేశాడు.

"మోతియాబింద్ ఆపా, కంటిల శుక్లం. ఇంకా పండలే. పండినంక తీపియ్యాలె. ఒక ఏడాది ఆగు."

"మామిడికాయా, పండేదాక ఆగనీకి? పొద్దుగాల గాజు సగం కనబడ్డది. గిప్పుడు పావే కనబడుతున్నది."

"ఫికర్ జెయ్యకు. గీ సుర్మా పెట్టు."

సుర్మా పొట్లం తిరిగి నజీర్ బుట్టలోకే వెళ్లింది, దారిలో అతని గడ్డాన్ని కాస్త నల్లగా చేసి.

ఆ ఇంట్లో ఆడవాళ్ల జబ్బులు మగవాళ్ల నోటి మీదుగా బయటికి వెళ్లేవి. జ్వరమైనా, కడుపునొప్పైనా మగమనిషి హకీం దగ్గరికి వెళ్లి వివరం చెప్పి మందు తెచ్చేవాడు. అత్తగారి కాలం నుంచీ అంతే. కాబట్టి మద్రాసులో కంటి చదువు చదివి వచ్చిన డాక్టర్ రామలింగం దగ్గరికి దస్తగీరే బయలుదేరాడు.

అక్కడ కాంపౌండరు అతన్ని నోరు తెరవనివ్వలేదు. బల్ల మీద కూర్చోబెట్టి రెండు కళ్లలోనూ చుక్కలు వేశాడు. ఇదీ పద్ధతేమో అనుకున్నాడు దస్తగీర్. అరగంట తర్వాత చీకటిగదిలోకి తీసుకెళ్లారు. డాక్టరు చిన్న అద్దంతో దీపం వెలుగును అతని కంటిలోకి పంపి, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు.

"దాహం మస్తు అయితదా?"

"అయితది సాబ్."

"కంటి లోపటి గోడకు సన్నటి పొర ఉంటది. చూపంతా దానిదే. నీ పొర మీద నెత్తురు చుక్కలున్నయి, పసుపు మచ్చలున్నయి. షకర్ జబ్బు ముదిరితె గిట్లయితది."

దస్తగీర్ అప్పుడు జేబులోంచి కాగితం తీశాడు. "జబ్బు నాది గాదు సాబ్. మా ఇంట్ల ఆమెది."

డాక్టరు చేతిలోని అద్దం బల్ల మీద పెట్టాడు. "మరి నేను గింతసేపు ఎవరి కన్ను జూసిన?" అని కాగితం అందుకున్నాడు. చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు. "తెర లేస్తున్నదా? ఆమె పొర ఊడుతున్నది. నడిమిదాక ఊడితె సన్నటి బారీక్ పని జేసే చూపు మళ్ల రాదు. ఇయ్యాల్నే తీస్కరా."

చుక్కల మందుకు కళ్లు చెదిరి, గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరిన దస్తగీర్ చెప్పిన మొదటి మాట, "నాకు షకర్ అంట. జిలేబీ బంద్ అన్నడు."

"నా కన్ను సంగతేంది, మజీదా అబ్బా?" అంది షౌకత్ బీ, భర్తను కూతురి పేరుతో పిలిచే అలవాటున.

"నిన్ను రమ్మన్నడు."

షౌకత్ బీ కుంపటి మీద నీళ్లు చల్లింది. "కన్ను నాది. చుక్కలు నీకు, పత్యం నీకు. నాకేమో రమ్మని కబురు. గిదేం ఇన్సాఫ్?"

బురఖా వేసుకుని, పావు కన్నుతో దారి చూసుకుంటూ, చుక్కల మందుకు ఏదీ సరిగా కనబడని భర్తను చేయిపట్టి నడిపించుకుని టాంగా ఎక్కింది. అక్కడ ఆమె పరాయి మగవాడితో చీకటిగదిలోకి వెళ్లాల్సి వచ్చేసరికి గొణిగినవాడు దస్తగీరే. ఆమె ముసుగు ఎత్తి, "చీకట్ల ఎవరికెవరు కనబడుతరు? నువ్వు గుమ్మంల నిలబడు. లోపటికి రాకు, మళ్ల నీకే మందు పోస్తరు," అంది.

పొర పైభాగాన చిన్న చిరుగు. దాని చుట్టూ కరెంటు సూదితో కాల్చి, పొరను గోడకు అతికించాలన్నాడు డాక్టరు. తర్వాత ఇరవై ఒక్క రోజులు వెల్లకిలా కదలకుండా ఉండాలన్నాడు.

"లక్కల రాయి అద్దినట్టే గద," అంది ఆమె. "ఆరేదాక ముట్టొద్దు. నాకు చెప్పాల్నా."

మర్నాడే కాల్చి అతికించారు. రెండు కళ్లకూ కట్లు, తలకు రెండు వైపులా ఇసుక సంచులు. తల ఊపితే, గట్టిగా అరిస్తే అతుకు విడిపోవచ్చు. తల ఊపకుండా, గొంతు పెంచకుండా కోప్పడటం షౌకత్ బీ పుట్టి ఎరగదు. పదకొండో రోజున దస్తగీర్ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చోగానే ఆమె ముక్కుకు నేతిలో వేగిన జిలేబీ వాసన తగిలింది. మెడ నరాలు బిగిశాయి. తల లేవబోయింది. ఆమె దుప్పటిని రెండు పిడికిళ్లతో పట్టుకుని, లక్క ఆరేదాకా లెక్కపెట్టే అంకెలన్నీ లోపలే లెక్కపెట్టింది. తర్వాత పెదవులు మాత్రం కదిపింది.

"మూతి తుడుసుకున్నవు గని మీసం తుడుసుకోలే. నా కన్ను కోసం నేను కట్టె లెక్క పడి ఉన్న. నీ కన్ను కోసం నువ్వు ఒక్క జిలేబీ కాడ ఆగలేవా?"

దస్తగీర్ మీసం తుడుచుకున్నాడు. మిగిలిన పది రోజులూ ఆ స్టూలు మీదే కూర్చుని, ఇంటి నుంచి వచ్చిన కాకరకాయ కూర ఆమెకు వినబడేలా నమిలి తిన్నాడు.

కట్లు విప్పినప్పుడు డాక్టరు చూపించిన మూడు వేళ్లూ కనిపించాయి, కాస్త వంకరగా. వంకర మెల్లగా పోయింది. కింది అంచున సన్నటి నీడ మాత్రం ఉండిపోయింది. మూడు నెలలకు ఆమె మళ్లీ కుంపటి ముందు కూర్చుంది.

ఏడేళ్ల తర్వాత, ఉస్మాన్‌గంజ్ వ్యాపారుల ఇంటి నాగమణమ్మ గాజులకు వచ్చి, ఉండబట్టలేక అడిగింది. "షౌకత్ బీ, మీ కన్ను జేబుల పోయొచ్చిన కత నిజమేనా?"

షౌకత్ బీ తల ఎత్తలేదు. ఆవగింజంత రాయిని లక్కలో నిలబెట్టి, కుడికంటికి దగ్గరగా తెచ్చి చూసుకుంది.

"ఏం కత? నా కన్నుకు ఎన్నడు ఏం గాలే. ఆ డాక్టర్ మొహం నేను జూడలే. మా ఆయన షేర్వానీకి అసలు జేబే లేదు."